ఒకే ఇంటిపేరు, నిషేధానికి ఇరువైపులా

రచయిత ఇంటిపేరు వినగానే ఊరు, కులం, శాఖ లెక్కగట్టి, ఆ లెక్కలోంచి రచన స్వభావాన్ని తేల్చేసే అలవాటు మన విమర్శకు ఇంకా పోలేదు. అభ్యుదయ విమర్శకులమని చెప్పుకునే మనం ఆ పనిని కొంచెం గౌరవంగా చేస్తాం. కులం బదులు వర్గం అంటాం. పుట్టిన వర్గం తెలిస్తే రచయిత ఎటు నిలబడతాడో తెలిసిపోయినట్టే మాట్లాడతాం. ఈ ధోరణిని పరీక్షకు పెట్టాలనే ఉద్దేశంతో దూరదేశపు ఇంటిపేరు ఒకటి తీసుకుంటున్నాను. మనకు ఆ పేరుతో బంధుత్వమూ లేదు, పగా లేదు కాబట్టి కాస్త నిష్పాక్షికంగా చూడవచ్చు.

ఆ ఇంటిపేరు ఓబ్రయన్. ఐరిష్ భాషలో 'ఓ' అంటే మనవడు, వంశస్థుడు. 1014లో డబ్లిన్ దగ్గర క్లాంటార్ఫ్ యుద్ధంలో చనిపోయిన బ్రయన్ బోరూ అనే రాజు సంతతి తామని ఓబ్రయన్లు చెప్పుకుంటారు. ఇంగ్లీషు పాలన కాలంలో చాలా ఐరిష్ కుటుంబాలు ఆ 'ఓ'ను వదిలేసుకున్నాయి, జాతీయోద్యమం వచ్చాక మళ్లీ తగిలించుకున్నాయి. అంటే ఆ ఒక్క అక్షరానికి కూడా రాజకీయ చరిత్ర ఉంది.

అయితే రాజుగారి రక్తం ఎవరిని ఎటు నడిపించింది? 1848నే చూడండి. విలియం స్మిత్ ఓబ్రయన్ ప్రొటెస్టెంట్ భూస్వామి కుటుంబంలో పుట్టి, కేంబ్రిడ్జిలో చదివి, పార్లమెంటు సభ్యుడై, ఆ ఏడు జూలైలో టిప్పెరరీ జిల్లా బాలింగరీలో తిరుగుబాటుకు నాయకత్వం వహించాడు. ఉరిశిక్ష పడింది. దాన్ని మార్చి టాస్మేనియాకు ప్రవాసం పంపారు. అదే కాలంలో ఇంగ్లండులో చార్టిస్టు ఉద్యమంలో మరో ఓబ్రయన్ ఉన్నాడు. లాంగ్‌ఫర్డ్ జిల్లాలో పుట్టిన జేమ్స్ ఓబ్రయన్. 'బ్రాంటెర్' అనే కలంపేరుతో రాసీ రాసీ చివరికి దాన్ని తన పేరులోనే కలిపేసుకున్నాడు. ప్రభుత్వం పత్రికల మీద స్టాంపు పన్ను వేసి పేదవాళ్లకు పత్రిక అందకుండా చేస్తే, ఆ పన్ను కట్టకుండా వెలువడిన 'పూర్ మ్యాన్స్ గార్డియన్'కు సంపాదకత్వం చేశాడు. ఫ్రెంచి విప్లవకాలపు బాబ్యూఫ్ కుట్రను గురించి బునరోటి రాసిన చరిత్రను 1836లో ఇంగ్లీషులోకి తెచ్చాడు. 1840లో జైలుకు వెళ్లాడు. ఒకడు భూస్వామి, ఒకడు కూలివాళ్ల పత్రికా రచయిత. ఇద్దరూ రాజ్యానికి నేరస్థులే. ఇంటిపేరు ఇక్కడ మనకు చెప్పేదేమీ లేదు, వర్గం చెప్పేది కూడా సగమే.

నేను అసలు మాట్లాడదలచింది ఇరవయ్యో శతాబ్దపు ఓబ్రయన్లను గురించి. వారిలో ముగ్గురు నవలా రచయితలు, ఒకరు విమర్శకుడు. నలుగురి జీవితాలూ ఒకే యంత్రంతో ముడిపడ్డాయి. ఆ యంత్రం సెన్సారు.

1922లో ఐర్లండ్‌లో ఎక్కువ భాగానికి స్వపరిపాలన వచ్చింది. 1929లో కొత్త రాజ్యం ప్రచురణల సెన్సారు చట్టం చేసింది. ఐదుగురు సభ్యులతో బోర్డు. పుస్తకం అసభ్యమనిగాని, గర్భనిరోధాన్ని సమర్థిస్తోందనిగాని ఆ బోర్డు తేలిస్తే అమ్మకం నిషేధం. ఎవరైనా ఫిర్యాదు పంపవచ్చు. వాక్యాల కింద గీతలు గీసిన ప్రతి బోర్డు ముందుకు వస్తుంది. లియమ్ ఓఫ్లాహర్టీ, షాన్ ఓఫెలాన్, ఫ్రాంక్ ఓకానర్ వంటి దేశపు మంచి కథకులంతా ఆ జాబితాలోకి ఎక్కారు. స్వాతంత్ర్యం కోసం తుపాకీ పట్టిన తరమే తన రచయితల నోరు నొక్కింది. ఎందుకు?

మతం అనేది సులువైన జవాబు. అబద్ధం కాదు గాని చాలదు. పంతొమ్మిదో శతాబ్దపు కరువు తర్వాత ఐర్లండ్ పల్లెల్లో పొలం చీలకుండా ఒకే కొడుక్కి దక్కే పద్ధతి బలపడింది. ఆ కొడుకు తండ్రి చేతిలోంచి పొలం వచ్చేదాకా, అంటే తరచు నడివయసు దాకా పెళ్లి చేసుకోలేడు. ఒక ఆడపిల్లకు కట్నం. మిగిలిన సంతానానికి మఠమో, అమెరికా ఓడో, ఇంగ్లండు పడవో. ఇటువంటి ఏర్పాటు నిలవాలంటే యువతీ యువకుల కోరిక మీద గట్టి కాపలా ఉండాలి. ఆ కాపలా పనిని చర్చి చేసింది. స్వతంత్ర రాజ్యంలో పెత్తనం దక్కింది ఈ రైతాంగపు పైపొరకూ, పట్టణపు దుకాణదారుకూ, వాళ్ల బిడ్డలైన పూజారులకూ. అందుకే బోర్డు కత్తెర భూమి ప్రశ్న మీద కంటే స్త్రీ శరీరం మీద ఎక్కువ ఆడింది. వాళ్ల దృష్టిలో ఆ రెండూ వేరు కావని మనం గుర్తుపట్టాలి.

కేట్ ఓబ్రయన్ (1897-1974) ఈ పెత్తందారీ వర్గంలోనే పుట్టింది. లిమరిక్ పట్టణంలో గుర్రాల వ్యాపారి కూతురు. ఐదేళ్లకే తల్లి పోతే కాన్వెంటులో పెరిగింది. 1931లో వచ్చిన మొదటి నవల 'వితౌట్ మై క్లోక్' గడ్డి వ్యాపారంతో పైకొచ్చిన ఒక కుటుంబం కథ. ఐరిష్ కాథలిక్ బూర్జువా వర్గం నవలలో తన ముఖం తాను చూసుకున్న మొదటి సందర్భాల్లో అది ఒకటి. ఇంగ్లండులో బహుమతులొచ్చాయి. ఇంట్లో ఎవరికీ అభ్యంతరం కలగలేదు. 1936లో 'మేరీ లావెల్' వచ్చింది. స్పెయిన్‌లో ఒక ఇంట్లో ఆడపిల్లలకు చదువు చెప్పడానికి వెళ్లిన ఐరిష్ యువతి అక్కడ పెళ్లయినవాణ్ణి ప్రేమించి, పశ్చాత్తాపం లేకుండా తిరిగి వస్తుంది. నిషేధం. ప్రేమించినందుకు కాకపోవచ్చు, శిక్ష పడనందుకు.

1941లో వచ్చిన 'ది ల్యాండ్ ఆఫ్ స్పైసెస్' సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. కథంతా కాన్వెంటులో జరుగుతుంది. మదర్ సుపీరియర్ ఇంగ్లీషు స్త్రీ, బయటికి చల్లగా, కఠినంగా కనిపిస్తుంది. పద్దెనిమిదేళ్ల వయసులో ఆమె తాను ఆరాధించే తండ్రిని ఒక యువకుడి కౌగిలిలో చూసింది. ఆ అసహ్యంతో మఠంలో చేరింది. ఏళ్లు గడిచాక ఆ తండ్రిని, తననూ క్షమించగలగడం ఆమె కథ. అదే మఠంలో చదివే అన్నా మర్ఫీ అనే పిల్లకు విశ్వవిద్యాలయ స్కాలర్‌షిప్ వస్తుంది. కుటుంబం ఆ పిల్లను బ్యాంకు గుమాస్తాను చేద్దామనుకుంటుంది. మదర్ సుపీరియర్ తనకున్న అధికారమంతా ఉపయోగించి, అవతలివాళ్ల స్వార్థాలను వాళ్లకే ఎదురు తిప్పి, ఆ పిల్లను చదువుకు పంపిస్తుంది. ఆ ఘట్టంలో కేట్ ఓబ్రయన్ అధికారం ఎలా పనిచేస్తుందో ఎంత లోతుగా చూసిందో గమనిస్తే, ఆమెను 'మధ్యతరగతి మనోభావాల రచయిత్రి' అని పక్కన పెట్టేవాళ్లకు సిగ్గేయాలి. ఇంత గంభీరమైన, నిజానికి ఇంత మతభక్తి గల నవలను ఒక్క వాక్యం కోసం నిషేధించారు. తండ్రిని ఆ స్థితిలో చూసినట్టు చెప్పే వాక్యం. అందులో అశ్లీలపదం ఒక్కటి లేదు.

1942 చివర్లో సర్ జాన్ కీన్ అనే సభ్యుడు ఈ బోర్డు వ్యవహారాన్ని సెనేట్‌లో చర్చకు పెట్టాడు. నిషిద్ధమైన మరో పుస్తకం నుంచి భాగాలు చదివి వినిపిస్తే, సభాకార్యక్రమాల రికార్డులోంచి ఆ భాగాలను తీసేశారు. శాసనసభ తన చర్చను తానే సెన్సారు చేసుకుందన్నమాట. తీర్మానం ఓడిపోయింది. అప్పీలుకు వీలిచ్చే చట్టం 1946లో వచ్చింది. ఈ నవల మీద నిషేధం 1949లో తొలగింది.

కేట్ ఓబ్రయన్ నిషేధానికి జవాబు రాసిన తీరు నాకు నచ్చుతుంది. 1938లో 'ప్రే ఫర్ ది వాండరర్' రాసింది. స్వదేశంలో తన పుస్తకాలు నిషేధమైన ఒక రచయిత సెలవులకు అన్నగారింటికి వస్తాడు. డివలేరా కొత్త రాజ్యాంగం అప్పుడే వచ్చింది. ఆ ఇల్లు బాగుంటుంది, తిండి బాగుంటుంది, పిల్లలు ముద్దుగా ఉంటారు. అతనికి అక్కడే ఉండిపోవాలనిపిస్తుంది. నిరంకుశత్వం అంత హాయిగా, అంత ఇంటిభోజనంలా ఉండగలదని చెప్పడమే ఆ నవల ప్రయోజనం. నవలగా అది బలహీనం. పాత్రలు వాదించుకోవడానికే కూర్చుంటాయి. అయినా ఆ గమనిక విలువైనది. ఇంట్లో స్త్రీ జీవితం జాతికి ఆధారమని చెప్పే ఆ 1937 రాజ్యాంగపు నిబంధనను మార్చడానికి 2024 మార్చిలో ప్రజాభిప్రాయ సేకరణ జరిపితే, ఆ సవరణ ఓడిపోయింది. స్పెయిన్ మీద ఆమె 1937లో రాసిన 'ఫేర్‌వెల్ స్పెయిన్' రిపబ్లిక్ పక్షం వహించింది. దాని ఫలితంగా ఫ్రాంకో ప్రభుత్వం 1957 దాకా ఆమెను ఆ దేశంలో అడుగు పెట్టనివ్వలేదు. డబ్లిన్ బోర్డుకు శరీరం అభ్యంతరం, మాడ్రిడ్‌కు రాజకీయం. రచయిత్రి ఒకరే.

ఇక ఓబ్రయన్ కాని ఓబ్రయన్ సంగతి. ఫ్లాన్ ఓబ్రయన్ అసలు పేరు బ్రయన్ ఓనోలన్. 1911లో స్ట్రబేన్‌లో పుట్టాడు. ఇంట్లో మాట్లాడే భాష ఐరిష్. 1935లో సివిల్ సర్వీసులో చేరాడు. రెండేళ్లకు తండ్రి చనిపోతే పెద్ద కుటుంబం బరువంతా ఆ జీతం మీద పడింది. ప్రభుత్వోద్యోగి బహిరంగంగా రాజకీయ వ్యాఖ్య చేయరాదు. అందుచేత నవలకు ఒక పేరు, 'ఐరిష్ టైమ్స్'లో కాలమ్‌కు మైల్స్ నా గాపలీన్ అనే మరో పేరు. ఉద్యోగం కోసం పేరు మార్చుకుని రాయడం మనకు వింత కాదు. న్యాయశాఖలో పనిచేసిన భాగవతుల నరసింగరావు, భార్యతో కలిసి బీనాదేవి అయినారు. ఓనోలన్ తన ప్రచురణకర్తకు ఈ పేరును సూచిస్తూ, ఇందులో అరుదైన పేరొకటి, సర్వసాధారణమైన పేరొకటి ఉన్నాయని రాశాడు. ఓబ్రయన్ అనేది దాక్కోవడానికి అనువైన జనసమ్మర్దం అన్నమాట.

1939లో వచ్చిన 'ఎట్ స్విమ్ టూ బర్డ్స్'లో ఒక నవలాకారుడి పాత్రలు అతని మీద తిరగబడతాయి. అతను నిద్రపోతున్నంతసేపూ తమ ఇష్టం వచ్చినట్టు బతుకుతారు, అతన్ని మత్తుమందుతో నిద్రలోనే ఉంచుతారు. పాత్రలకు స్వయంనిర్ణయాధికారం, సొంత జీవితం, కనీస జీవన ప్రమాణం ఉండాలని అందులో ఒక సిద్ధాంతం కూడా వస్తుంది. ట్రేడ్ యూనియన్ డిమాండ్లను నవలా శిల్పానికి అంటగట్టిన హాస్యం. దీన్ని రూపవాద విన్యాసమని కొట్టేసేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ప్రతి మనిషినీ పైనుంచి ఎవరో రాస్తున్నట్టు నడిచే సమాజంలో ఆ హాస్యం ఎక్కడ గుచ్చుతుందో చూడాలి. ఆ పుస్తకం రెండువందల యాభై ప్రతులు కూడా అమ్ముడుపోకముందే లండన్ మీద జర్మన్ బాంబుదాడుల్లో గిడ్డంగి తగలబడి మిగతావి బూడిదైపోయాయి. తర్వాతి నవల 'ది థర్డ్ పోలీస్‌మన్'ను 1940లో ప్రచురణకర్త తిప్పిపంపాడు. రాతప్రతి పోయిందని మిత్రులకు చెప్పుకుని ఆయన దాన్ని ఇంట్లోనే పెట్టుకున్నాడు. చనిపోయిన మరుసటి సంవత్సరం, 1967లో అచ్చయింది. ఈ రెంటిలోనూ సెన్సారు బోర్డు ప్రమేయం లేదు. పుస్తకాన్ని చంపడానికి మార్కెట్టూ యుద్ధమూ చాలునని మనం మరచిపోరాదు.

1941లో ఐరిష్‌లోనే రాసిన 'అన్ బేల్ బొక్త్'లో పేరుకు సంబంధించిన ఘట్టం ఒకటుంది. బడికి మొదటిరోజు వెళ్లిన పిల్లవాణ్ణి మాస్టరు పేరు అడుగుతాడు. పిల్లవాడు తన పేరు, తండ్రి పేరు, తాత పేరు, వంశమంతా ఐరిష్‌లో చెబుతాడు. మాస్టరు తెడ్డుతో నెత్తిమీద కొట్టి, ఇంగ్లీషులో, నీ పేరు జేమ్స్ ఓడానెల్ అంటాడు. తర్వాతి పిల్లవాణ్ణీ అలాగే కొట్టి అదే పేరు పెడతాడు. బడిలోని మగపిల్లలందరిదీ అదే పేరు. వలస పాలన ఏం చేస్తుందో చెప్పడానికి పెద్ద సిద్ధాంత గ్రంథాలు చదివినవాళ్లం మనం. ఈ రెండు పేజీలకు అవి సాటి రావు. పైగా ఆయన అక్కడితో ఆగడు. పేదరికాన్నీ వర్షాన్నీ బంగాళాదుంపల్నీ 'అసలైన ఐరిష్ సంస్కృతి' అని మురిసిపోయే డబ్లిన్ భాషాభిమానుల్ని కూడా అదే తెడ్డుతో కొడతాడు.

కాని ఆయన పరిమితినీ చెప్పాలి. పన్నెండేళ్లకు పైగా రోజూ వ్యంగ్యం రాస్తూ ఎవరి పక్షమూ వహించలేదు. అందర్నీ వెక్కిరించడం క్రమంగా ఎవర్నీ బాధించని వినోదమైపోతుంది. చివరికి బాధ కలిగింది పైవాళ్లకే. మంత్రిని వెక్కిరించిన కాలమ్, దానికి తోడు తాగుడు, 1953లో ఉద్యోగం పోయింది. 1961లో 'ది హార్డ్ లైఫ్' రాశాడు. అందులో ఒక జెసూట్ పూజారికి బూతుగా ధ్వనించే జర్మన్ పేరు పెట్టాడు. పుస్తకం నిషేధమవుతుందని, అప్పుడు బోర్డుతో పోరాడవచ్చని ఆయన ఆశ. బోర్డు పట్టించుకోలేదు. పుస్తకం హాయిగా అమ్ముడుపోయింది. నిషేధాన్ని పతకంలా ఛాతీకి తగిలించుకోవాలని ఉబలాటపడే రచయితలు మనలోనూ ఉన్నారు. వాళ్లు ఈ సంగతి జ్ఞాపకం పెట్టుకుంటే మంచిది. 'ది హార్డ్ లైఫ్' ఆయన పుస్తకాల్లో బలహీనమైనది. నిషేధించినా బలపడేది కాదు.

ఎడ్నా ఓబ్రయన్ నిషేధాన్ని కోరుకోలేదు, ఊహించలేదు. 1930లో క్లేర్ జిల్లా టువమ్‌గ్రేనీలో పుట్టింది. ఇల్లు పెద్దది, డబ్బు లేదు, తండ్రి తాగుడు. కాన్వెంటు చదువు. డబ్లిన్‌లో మందుల షాపులో పనిచేస్తూ ఫార్మసీ పరీక్ష ప్యాసయింది. లండన్ చేరాక, యాభై పౌన్ల అడ్వాన్సు మీద, మూడు వారాల్లో 'ది కంట్రీ గర్ల్స్' రాసింది. 1960లో వచ్చింది. కెయిత్లీన్, బాబా అనే ఇద్దరు పల్లెటూరి పిల్లలు. తల్లి మరణం, తండ్రి తాగుడుకు కరిగిపోయే పొలం, కాన్వెంటు నుంచి గెంటివేత, డబ్లిన్ అద్దెగది, పెళ్లయిన పెద్దమనిషి మీద మోజు. నేను పైన చెప్పిన పొలం-కట్నం-మఠం ఏర్పాటులో ఆడపిల్ల వైపునుంచి లోకం ఎలా కనిపిస్తుందో, ఆడపిల్ల గొంతుతోనే, నవ్వుతూ చెప్పిన నవల. కేట్ ఓబ్రయన్ స్త్రీలకు సంపద, చదువు, మఠంలో అధికారం ఉన్నాయి. ఎడ్నా పిల్లలకు ఒక మంచి గౌను కూడా లేదు. తేడా అక్కడుంది.

బోర్డు నిషేధించింది. తర్వాతి నవలల్నీ వరసగా నిషేధించింది. తన ఊళ్లో పూజారి పుస్తకాన్ని తగలబెట్టాడని ఆమె చెప్పింది. చదివిన భర్త, నువ్వు రాయగలవు, అందుకు నిన్నెన్నటికీ క్షమించను అన్నాడని తన స్వీయచరిత్రలో రాసింది. అదే పుస్తకంలో మరో సంగతి ఉంది. తల్లి చనిపోయాక ఇంట్లో దాచిపెట్టిన 'ది కంట్రీ గర్ల్స్' ప్రతి ఒకటి దొరికింది. తల్లి అందులో తనకు తప్పుగా తోచిన మాటలన్నిటినీ నల్ల సిరాతో కొట్టేసింది. ఐదుగురు సభ్యుల బోర్డును చట్టం మార్చి అదుపు చేయవచ్చు. 1967లో నిషేధానికి పన్నెండేళ్ల గడువు పెడుతూ చట్టం సవరిస్తే వేలాది పుస్తకాలు ఒక్కసారిగా విడుదలయ్యాయి. కూతురి పుస్తకం ముందు సిరాబుడ్డి పెట్టుకుని కూర్చున్న ఆ తల్లిని ఏ చట్టం సవరిస్తుంది? తెలుగులో రాసే ఆడవాళ్లకు ఈ ప్రశ్న వివరించనక్కరలేదు.

ఇంతవరకూ కథ మనకు అనుకూలంగానే ఉంది. మతం ఒకవైపు, రచయితలు ఒకవైపు. నాలుగో ఓబ్రయన్ వచ్చి దీన్ని చెడగొడతాడు.

కానర్ క్రూజ్ ఓబ్రయన్ (1917-2008) ప్రగతిశీల మేధావికి మనం ఇచ్చే నిర్వచనాలన్నిటికీ సరిపోయే మనిషి. పెద్దమ్మ భర్త ఫ్రాన్సిస్ షీహీ-స్కెఫింగ్టన్ యుద్ధ వ్యతిరేకి. 1916లో విచారణ లేకుండా ఒక బ్రిటిష్ అధికారి కాల్పించి చంపాడు. కానర్ విదేశాంగశాఖ ఉద్యోగిగా ఉంటూ డోనట్ ఓడానెల్ అనే కలంపేరుతో 1952లో కాథలిక్ రచయితల మీద 'మరియా క్రాస్' అనే విమర్శ గ్రంథం ప్రచురించాడు. ఫ్లాన్ ఓబ్రయన్ బడిపిల్లలకు దక్కిన ఓడానెల్ పేరే ఇక్కడా తగలడం కాకతాళీయం. 1961లో ఐక్యరాజ్యసమితి తరఫున కటంగాకు వెళ్లి, కాంగోను చీల్చే శక్తులతో తలపడి, రాజీనామా చేసి ఆ కథంతా పుస్తకంగా బయటపెట్టాడు. ఘనా విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్‌గా ఉండి, ఎన్‌క్రుమా ప్రభుత్వం విద్యాసంస్థ మీద పెత్తనం చేయబోతే ఎదిరించాడు. 1965లో యేట్స్ రాజకీయాల మీద రాసిన వ్యాసంలో, ఆ మహాకవి ఫాసిజం వైపు మొగ్గడం వృద్ధాప్యపు చాపల్యం కాదని, పట్టుదలగల రాజకీయమని నిరూపించాడు. 'ఎన్‌కౌంటర్' పత్రిక అమెరికా ప్రయోజనాలకు చేస్తున్న సేవను ఎత్తిచూపాడు. ఆ పత్రిక ఎదురు దూషిస్తే డబ్లిన్ కోర్టులో దావా వేసి గెలిచాడు. దాని వెనుక సి.ఐ.ఏ. డబ్బు ఉన్న సంగతి తర్వాత అందరికీ తెలిసింది. వియత్నాం యుద్ధ వ్యతిరేక ప్రదర్శనలో న్యూయార్క్ పోలీసుల చేత తన్నులు తిన్నాడు.

1970లో వచ్చిన 'ఆల్బేర్ కామూ' అనే చిన్న పుస్తకం మన విద్యార్థులందరూ చదవదగింది. కామూ నవలల్లో అరబ్బులకు పేర్లెందుకు లేవు? అల్జీరియా నగరంలో ప్లేగు వస్తే అరబ్బులు ఎక్కడికి పోయారు? చనిపోయేది అరబ్బు అయినప్పుడు ఫ్రెంచి కోర్టు ఫ్రెంచివాడికి అంత సులువుగా మరణశిక్ష వేస్తుందా? ఇటువంటి మామూలు ప్రశ్నలతో విశ్వమానవుడిగా వెలిగిపోతున్న రచయిత వెనుక నిలిచి ఉన్న వలసవాదిని చూపించాడు. తర్వాత ఎడ్వర్డ్ సయీద్ కామూ మీద రాసినప్పుడు ఈ పుస్తకంతోనే సంవాదం చేశాడు. కామూను నిషేధించాలని కానర్ ఎక్కడా అనలేదు. ఆ అవసరమే లేదు. చదివినవాడు మళ్లీ కామూను పాత కళ్లతో చదవలేడు. విమర్శ చేయగల పని అది.

1969లో లేబర్ పార్టీ తరఫున పార్లమెంటుకు వెళ్లాడు. 1973లో పోస్టులు, టెలిగ్రాఫుల మంత్రి అయ్యాడు. ఆకాశవాణి, టెలివిజన్ ఆయన చేతికి వచ్చాయి. ఉత్తర ఐర్లండ్‌లో రోజూ బాంబులు, హత్యలు. ప్రసార చట్టంలో 31వ సెక్షన్ అంతకుముందే ఉంది. దాని కింద 1971లోనే ఆదేశం వచ్చింది, 1972లో ప్రసార సంస్థ పాలకమండలినే తొలగించారు. కానర్ మంత్రిగా 1976లో చట్టాన్ని సవరించి, ఐ.ఆర్.ఎ., సిన్ ఫెయిన్ వంటి సంస్థల ప్రతినిధుల గొంతు రేడియోలో, టీవీలో వినిపించకుండా కచ్చితమైన ఆదేశం తెచ్చాడు. అదే సంవత్సరం ఐర్లండ్ అత్యవసర పరిస్థితి ప్రకటించింది. మన దేశంలో అప్పటికే ఎమర్జెన్సీ. తెలుగు రచయితలు చాలామంది జైళ్లలో ఉన్నారు.

ఆ శరదృతువులో 'వాషింగ్టన్ పోస్ట్' విలేకరి ఒకరు ఆయనను కలిసి, నేరప్రేరణకు సంబంధించిన కొత్త చట్టాన్ని ఎవరి మీద ఉపయోగిస్తారని అడిగాడు. మంత్రి సంస్కృతిని ప్రక్షాళన చేయడం గురించి మాట్లాడి, సొరుగు లాగి, 'ఐరిష్ ప్రెస్' పత్రికలో అచ్చయిన పాఠకుల ఉత్తరాల కట్ట బయటికి తీశాడు. చర్య రాసినవాళ్ల మీద కాదు, అచ్చేసిన సంపాదకుడి మీద. విలేకరి తిన్నగా వెళ్లి ఆ సంపాదకుడికి సంగతి చెప్పాడు. దేశమంతా గోలయింది.

ఇక్కడ 'ద్రోహి' అని ఒక్కమాట అనేసి తప్పుకోవడం తేలిక. చాలామంది ఐరిష్ వామపక్షీయులు అదే చేశారు. కాని ఆయన వాదనను ఆలకించాలి. మాటలకు బలముంది అన్నాడు. బలిదానాన్ని కీర్తించే కవిత్వం, పాట, నాటకం యువకుల చేతికి తుపాకీ ఇస్తాయి అన్నాడు. తన నాటకం వల్ల ఎందరు ప్రాణాలు పోగొట్టుకున్నారోనని యేట్స్ కూడా ముసలితనంలో మథనపడ్డాడు. సాహిత్యానికి సామాజిక ప్రభావం ఉంది, రచయిత దానికి బాధ్యుడు: ఇది కానర్ సిద్ధాంతం. మరి మన సిద్ధాంతం ఏమిటి? అక్షరాలా ఇదే. కాన్వెంటు నవలలో ఒక్క వాక్యం ఆడపిల్లల్ని చెడగొడుతుందని నమ్మిన 1941 నాటి బోర్డు సిద్ధాంతం కూడా, చేదుగా ఉన్నా ఒప్పుకోవాలి, దీనికి చుట్టమే. సాహిత్యం వట్టి ఆనందం కోసమని నమ్మేవాడికి సెన్సారుతో పని లేదు. సాహిత్యం మనుషుల్ని మారుస్తుందని నమ్మేవాడి చేతికే కత్తెర అందుతుంది.

కాబట్టి కానర్ తప్పు సాహిత్య సిద్ధాంతంలో లేదు, సొరుగులో ఉంది. కామూకు పుస్తకంతో జవాబు చెప్పినవాడు పాఠకుల ఉత్తరాలకు చట్టంతో జవాబు చెప్పబోయాడు. విమర్శకుడి కుర్చీలోంచి మంత్రి కుర్చీలోకి మారేటప్పుడు వాదన మారలేదు, పనిముట్టు మారింది. హత్యను సమర్థించే గొంతుకు ప్రసారసాధనం ఎందుకివ్వాలని అడగవచ్చు. నాకూ ఆ గొంతు మీద ప్రేమ లేదు. కాని ఆదేశం ఎక్కడిదాకా పోయిందో చూడండి. 1990లో డబ్లిన్‌లో ఒక కేకుల ఫ్యాక్టరీలో సమ్మె జరిగింది. కార్మికుల తరఫున మాట్లాడినవాడు సిన్ ఫెయిన్ సభ్యుడు. మాట్లాడింది సమ్మె గురించే. ప్రభుత్వ ప్రసార సంస్థ అతని గొంతు వినిపించలేదు. అతను కోర్టుకు వెళితే, ఆదేశం మాటలకు సంస్థ అంత విస్తృతమైన అర్థం చెప్పుకోవడం తప్పని సుప్రీంకోర్టు 1993లో తేల్చింది. హత్యలను ఆపడానికి చేసిన ఏర్పాటు సమ్మె వార్త మీద పడింది. అధికారంలో ఉన్నది లేబర్ మంత్రి అయినా, ఆయన చేసిన చట్టానికి తన దారి తనకుంటుంది.

కానర్ 1977లో ఓడిపోయాడు. లండన్‌లో 'అబ్జర్వర్' ప్రధాన సంపాదకుడుగా వెళ్లి, ఉత్తర ఐర్లండ్ మీద మేరీ హాలండ్ రాసిన వ్యాసంతో విభేదించాడు. ఆమె ఆ పత్రికలో కొనసాగలేదు. 1996లో యూనియనిస్టు పార్టీలో చేరాడు. ఈ చివరి మజిలీని చూసి ఆయన తొలి రచనల్ని కూడా అనుమానించేవాళ్లున్నారు. కామూ మీద పుస్తకం 1970లో ఎంత నిజమో ఇప్పుడూ అంతే నిజం. రచయిత జారిపోతే రచన దానంతటదే జారిపోదు.

31వ సెక్షన్ కింద ఏటేటా పొడిగిస్తూ వచ్చిన ఆదేశం 1994 జనవరిలో ముగిసింది. అప్పటి మంత్రి మైకేల్ డి. హిగిన్స్ దాన్ని పొడిగించలేదు. ఆయన కవి కూడా, తర్వాత 2011 నుంచి 2025 దాకా ఆ దేశాధ్యక్షుడు. అదే 1994లో ఎడ్నా ఓబ్రయన్ 'హౌస్ ఆఫ్ స్ప్లెండిడ్ ఐసొలేషన్' ప్రచురించింది. దక్షిణాన ఒక పాత పెద్దింట్లో ఒంటరిగా బతుకుతున్న ముసలి విధవరాలు జోసీ. ఉత్తరం నుంచి పారిపోయి వచ్చిన ఐ.ఆర్.ఎ. మనిషి మెక్‌గ్రీవీ ఆ ఇంట్లో జొరబడతాడు. ఇరవై ఏళ్లకు పైగా దేశపు రేడియో వినిపించనివ్వని గొంతు ఒక ముసలావిడ వంటింట్లోకి వచ్చి కూర్చుంటుంది. అతన్ని వీరుణ్ణి చేసిందని ఆమెను తిట్టినవాళ్లున్నారు. నవలలో లోపం ఉంది. మెక్‌గ్రీవీ చుట్టూ అక్కడక్కడా కవిత్వపు పొగ కమ్ముతుంది, అతను చంపిన మనుషులు మనకు తగినంత కనిపించరు. కాని జోసీ అతని మాట వింటుంది, ఎదురు చెబుతుంది, అతనికి తిండి పెడుతుంది, మళ్లీ ఎదురు చెబుతుంది. ఆమె అతన్ని ఒప్పించలేదు, అతను ఆమెను ఒప్పించలేడు. ఇంటి చుట్టూ పోలీసులు చేరేదాకా ఆ సంభాషణ నడుస్తూనే ఉంటుంది.